ఓడ ఎక్కే ముందు రెండు రోజులు: ఒక నెక్కొండ కాగితం

నెక్కొండ నుంచి సముద్రం ఎటు చూసినా రెండు వందల కిలోమీటర్లకు పైనే. మిర్చి, పత్తి, మక్కలు పండే చోటు. కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఒక స్టేషను, దాని చుట్టూ ఎదిగిన బజారు, మార్కెట్ యార్డు. అలాంటి ఊళ్లో కూర్చుని ఒక పెద్దమనిషి ఓడ ప్రయాణానికి గీసిన పథకాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం. ఆయన మా మేనమామ. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. 2025 జూలైలో కోర్డెలియా క్రూయిజెస్ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వస్తుందని తెలిశాక, ఆరుగురు బంధువుల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. విశాఖలో రెండు రాత్రులు ఉండి, ఓడ ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగి, అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. వెళ్లొచ్చినవాళ్లు ఓడ మీది భోజనాల గురించీ డెక్ మీది గాలి గురించీ ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ రెండు రాత్రులను ఆయన అమర్చిన తీరు.

పాత క్యాలెండర్‌లోంచి చింపిన ఒక పెద్ద కాగితం. వెనకవైపు తెల్లగా ఉన్న చోట స్కేలు పెట్టి గీసిన నిలువు గడులు మూడు. మొదటి గడిలో వేళ, రెండో గడిలో పని. మూడో గడికి ఆయన పెట్టిన పేరు ‘తప్పితే’. అంటే ఆ వేళకు ఆ పని జరగకపోతే ఏం చేయాలన్నది పక్కనే రాసి ఉంటుంది. ఈ మూడో గడి నేను మరే ప్రయాణ పథకంలోనూ చూడలేదు. ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే రంగుల కాగితాల్లో అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి. మామ కాగితంలో ప్రతి వరుసా జరగకపోవచ్చునని ఒప్పుకుంటుంది, ఒప్పుకుని ఊరుకోకుండా దారి చూపిస్తుంది.

ఇంకో విశేషం దగ్గరగా చూస్తే గానీ తెలియదు. అన్నిటికంటే కింది వరుస నీలి సిరాతో, ఒత్తిడి లేని గుండ్రటి అక్షరాలతో ఉంది. పైకి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతూ, వరుసలు ఇరుకవుతూ, ఇంటి నుంచి బయల్దేరే మొదటి వరుస దగ్గర మార్జిన్‌లోకి ఒరిగిపోయాయి. అంటే ఆయన రాయడం మొదలుపెట్టింది అడుగునుంచి. ముందు ‘ఓడ కదులుట’ అని రాశాడు. దానిపైన ‘చెకిన్ మూసివేత’. దానిపైన ‘టెర్మినల్ గేటు’. ఆ పైన ‘లాడ్జి ఖాళీ’. అలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ నెక్కొండ ఇంటి గడప దాకా వచ్చాడు. మనలో చాలామందిమి ఇంటి నుంచి మొదలుపెడతాం, చివరికి మిగిలిన సమయం ఎంతైతే అంత ఓడకు వదులుతాం. ఓడ విషయంలో అది కుదరదు. రైలు పోతే వెనక ఇంకో రైలు ఉంటుంది, బస్సు పోతే ఇంకో బస్సు. ఈ ఓడ పోతే మళ్లీ ఆ రేవుకు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. “ఓడ మనకోసం ఆగుతదా అల్లుడా? ఆగనిదాన్నే ముందుగాల రాయాలె,” అన్నాడు మామ, నేను అడిగితే.

ఆయన వృత్తి తెలిసినవాళ్లకు ఈ పద్ధతి ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. స్టేషన్ మాస్టరు ఒక బండిని ముందుకు వదలాలంటే ముందరి స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ రావాలి. ముందు దారి ఖాళీగా ఉందని ఖాయమైతేనే వెనక సిగ్నల్ పడుతుంది. ఉద్యోగమంతా ఆ క్రమశిక్షణలో గడిపిన మనిషి కాగితం మీద కూడా అదే చేశాడు. ప్రతి పనికీ దాని తరువాతి పని నుంచి అనుమతి తీసుకున్నాడు.

రెండు రాత్రులు ఎందుకు? ఒక్క రాత్రి చాలదా? ఈ ప్రశ్నకు జవాబు నెక్కొండ పక్కనే ఉంది. 2024 సెప్టెంబర్ 1న, ఎడతెగని వానలకు, నెక్కొండ దాటాక ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర మొత్తం వరదకు కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. ఉత్తర దక్షిణాలను కలిపే ఆ ప్రధాన మార్గంలో రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. రైల్వే సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేస్తే మూడు రోజులకు గాని బండ్లు కదల్లేదు. ఆ సంగతి మామకు పేపర్లో చదివిన వార్త కాదు, తన లైను కథ. విశాఖకు ఈ ఓడ వచ్చే కాలం కూడా వానాకాలమే. 2022 జూన్‌లో ఎంప్రెస్ మొదటిసారి విశాఖ వచ్చినప్పుడైనా, 2025 జూలైలోనైనా అంతే. కాబట్టి వానకు ఒక రోజు పోయినా ఓడ దక్కేలా ఒక రాత్రి ఎక్కువ పెట్టాడు. ‘తప్పితే’ గడిలో ఇలా ఉంది: విజయవాడ వైపు లైను మూస్తే హైదరాబాద్ వైపు పోవాలి, నల్లగొండ–గుంటూరు మీదుగా నడిచే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ పట్టాలి. అది పగటి బండి, ఒక రోజు ఖర్చవుతుంది, ఆ రోజు మన చేతిలో ఉంది. ఆ చివరి ముక్క కింద ఎర్ర గీత.

తేదీ ఎంచుకోవడంలోనూ అంతే జాగ్రత్త. జూలై తొలి బుధవారం ఓడకే టికెట్లు తీసుకున్నాడు. కారణం కాగితం అంచున చిన్నగా రాసి ఉంది: ‘9 – గిరి ప్రదక్షిణ’. ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్ల మేర లక్షల మంది కాలినడకన తిరుగుతారు. 2025లో అది జూలై 9న పడింది. ఆ దారి కొండ చుట్టూ మాత్రమే ఉండదు, నగరంలోంచి, బీచ్ పక్కనుంచి కూడా పోతుంది. ఆ రోజుల్లో విశాఖలో గదులు దొరకడం, ఆటో కదలడం రెండూ కష్టమే. రేవు వేళల పట్టికనూ పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎంతమందికి తోస్తుంది?

రైలు సంగతికి వద్దాం. నెక్కొండలో గోల్కొండ, కృష్ణా వంటి ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. వాటిలో ఎక్కి విజయవాడలో దిగి, అక్కడ విశాఖ బండి మారవచ్చు. దూరం లెక్కన అదే సూటి దారి. మామ దాన్ని కొట్టేశాడు. రాత్రివేళ విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఆరుగురు పెద్దవాళ్లతో, అన్ని పెట్టెలతో బండి మారడం ఎందుకని, ముప్ఫై కిలోమీటర్లు వెనక్కి వరంగల్ పోయి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాడు. 1974 నుంచి హైదరాబాద్–విశాఖల మధ్య నడుస్తున్న బండి అది. సాయంత్రం వరంగల్‌లో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. ఆ బండి మళ్లీ నెక్కొండ మీదుగానే, ఆగకుండా పోతుంది. వెనక్కి పోవడం వల్ల ఖర్చయ్యే గంటకన్నా నిద్రపోయే రాత్రి విలువైనదని లెక్కగట్టాడు. నా అభిప్రాయంలో ఈ పథకంలో అన్నిటికన్నా తెలివైన వరుస ఇదే.

తెల్లవారుజామున దిగితే ఇంకో చిక్కు. చాలా హోటళ్లలో గది పన్నెండు గంటలకు గాని ఇవ్వరు. ముసలివాళ్లు ఆరు గంటలు లాబీలో కూర్చోవాలి. మామ ముందే ఫోన్లు చేసి, ఇరవై నాలుగు గంటల చెకిన్ ఉన్న లాడ్జి డాబా గార్డెన్స్ దగ్గర పట్టాడు. అంటే పొద్దున ఆరింటికి దిగితే మూడో రోజు పొద్దున ఆరింటికి లెక్క. కానీ ఓడ టెర్మినల్‌కు పోవాల్సింది బుధవారం మధ్యాహ్నం. ఆ మిగిలిన గంటలకు సగం రోజు అద్దె ముందే మాట్లాడుకున్నాడు, ఎంతో రాసుకున్నాడు కూడా. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గదులు ఉండగా డాబా గార్డెన్స్ ఎందుకంటే, అది స్టేషన్‌కూ దగ్గర, రేవుకూ దగ్గర, చుట్టూ మందుల షాపులు, టిఫిన్ సెంటర్లు. సముద్రం ఎలాగూ మూడు రోజులు కిటికీలోంచి కనబడబోతోంది. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో తెలిసిన చేయి అది.

సోమవారం పగలంతా విశ్రాంతి. సాయంత్రం సింహాచలం. నగరం నుంచి పదహారు కిలోమీటర్లే అయినా కొండ మీది దారి కాబట్టి కారు మాట్లాడాడు. అప్పన్న స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది. అత్తమ్మకు ఆ దర్శనమే ఈ ప్రయాణానికి అసలు కారణం, ఓడ తరువాత. మామ దాన్ని మొదటి రోజే పెట్టడంలో మర్యాదా ఉంది, లెక్కా ఉంది. వాన ఎక్కువై ఆ రోజు కుదరకపోతే మంగళవారం పొద్దున మిగిలే ఉంటుంది.

సోమవారం సాయంత్రం గుడి పెట్టడానికి ఇంకో కారణం, ఆ రోజు ఆర్.కె. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సెలవు. మిగతా వారం మధ్యలో కూడా మధ్యాహ్నం రెండు దాటాకే తెరుస్తారు. కాబట్టి కురుసురకు మంగళవారం మధ్యాహ్నం ఖాయం. ఈ వరుస దగ్గర ఆయన చేతిరాత మరీ శ్రద్ధగా ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి దాకా పనిచేసిన జలాంతర్గామి అది. తొంభై ఒక్క మీటర్ల పొడవు. 2002లో దాన్ని ఒడ్డుకు లాగి ఇసుకలో నిలబెట్టి మ్యూజియం చేశారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి ఇనుప తలుపులోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. నీళ్లు ఒక గదిలో చేరితే రెండో గదికి పోకుండా బిగించే తలుపులవి. కింద ఆయన ఇలా రాశాడు: ‘మోకాళ్లు – జాగ్రత్త. ఇద్దరు బయట. ఎదురుగ విమానం, నీడన బెంచి.’ ఎదురుగా ఉన్నది 2017లో తెరిచిన టీయూ–142 విమాన మ్యూజియం. ఎవరు లోపలికి పోవాలి, ఎవరు బయట ఉండాలి, బయట ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చోవాలి అన్నది ఇంటి దగ్గరే తేల్చేశాడు. అందువల్ల అక్కడికి పోయాక ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఆ సాయంత్రం బీచ్‌లో నడక. నీళ్లలో దిగవద్దని రెండుసార్లు రాసి ఉంది. అక్కడి అలల లాగుడు ప్రమాదకరమన్నది విశాఖవాళ్లు అందరికీ చెప్పే మాటే.

పథకంలో లేనివి కూడా చూడాలి. విశాఖ అనగానే అందరి నోటా వచ్చేది అరకు, బొర్రా గుహలు. అందరూ అడిగారు కూడా. మామ ఒప్పుకోలేదు. అరకు వంద కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ దారి. రైలులో పోదామంటే కిరండూల్ మార్గం సొరంగాల మీద సొరంగాలు, వానల్లో కొండచరియలు విరిగిపడి బండ్లు నిలిచిపోవడం అక్కడ కొత్త కాదు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు, రాకపోవచ్చు కూడా. ‘తప్పితే’ గడిలో ఈ ఒక్క దానికి ఏమీ రాయలేకపోయాడు. రాయలేకపోయాడు కాబట్టే వరుసనే కొట్టేశాడు. తప్పితే ఏం చేయాలో తెలియని పనిని ఓడ ముందు పెట్టుకోకూడదన్నది ఆయన పాటించిన నియమం. కొట్టేసిన గీత కింద అక్షరాలు ఇంకా చదవొచ్చు, ‘ఈసారి కాదు’ అని పక్కన ఉంది.

ఒక్క చోట నాకు ఆయనతో భేదముంది. వన్‌టౌన్‌ను పూర్తిగా వదిలేశాడు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద రాస్‌హిల్ చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా. డాబా గార్డెన్స్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు. పైనుంచి రేవంతా కనిపిస్తుంది, ఓడ ఎక్కబోయేవాడు తాను ఎక్కడినుంచి బయల్దేరుతున్నాడో చూసుకునే చోటు అది. మంగళవారం పొద్దున ఖాళీగానే ఉంది కదా అంటే, “ఖాళీ కాదు, అది సోమవారం తప్పితే వాడుకునే పొద్దు,” అన్నాడు. ఆ జవాబులో న్యాయం ఉంది. అయినా సోమవారం వాన పడలేదు, ఆ పొద్దు వాడుకోకుండానే గడిచింది. నేనైతే కొండ ఎక్కేవాణ్ణి.

ఆ రేవు కథ తెలిస్తే ఈ ఎదురుచూపుకు ఇంకో రుచి వస్తుంది. 1933 అక్టోబర్‌లో జలదుర్గ అనే ఓడ ప్రవేశంతో విశాఖ రేవు పని మొదలైంది. అంతకు ముందు ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, జనం పడవల్లో అలలు దాటి పోయి ఎక్కేవాళ్లు. రంగూన్‌కు కూలికి పోయిన మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ తీరాల్లో స్టీమరు కోసం పడిగాపులు పడ్డారు. లోపలి రేవు ముఖానికి అలల దెబ్బ తగలకుండా జానస్, వెలస్‌డన్ అనే రెండు పాత ఓడల్ని అక్కడే ముంచి అడ్డుకట్ట చేశారు. ఓడ ఎక్కడానికి ముందు ఒడ్డున గడిపే రోజులు మన ప్రాంతానికి కొత్త కాదు. అప్పుడవి గతిలేక గడిపిన రోజులు, ఇప్పుడు కోరి గడుపుతున్నాం. అండమాన్ పోయే ప్రభుత్వ ఓడల కోసం నేటికీ విశాఖలో గది తీసుకుని ఆగేవాళ్లున్నారు. వాళ్లకూ ఈ కాగితం పనికొస్తుంది.

బుధవారం పొద్దున మామ ఏమీ పెట్టలేదు. వరుస ఉంది, వేళ ఉంది, పని గడిలో ‘ఏమీ లేదు’ అని మాటల్లో రాసి ఉంది. గీత కొట్టి వదిలేస్తే ఎవరో ఒకరు జగదాంబ జంక్షన్‌కు చీరలకని బయల్దేరేవాళ్లే. రాసి ఉంది కాబట్టి ఎవరూ కదల్లేదు. దానికి ముందు మంగళవారం రాత్రి వరుసలో ‘ఇడ్లీ, పెరుగన్నం – బిర్యానీ వద్దు’. ఓడలో మొదటి రాత్రే కడుపు పాడైతే ఏమవుతుందో ఊహించి రాసింది.

పెట్టెల పంపకం కాగితంలో చివరి పెద్ద భాగం. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి గంటలు పడుతుంది. ఆలోపు కావలసినవన్నీ చేతిసంచిలో ఉండాలి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు, ఆధార్ కార్డు, బోర్డింగ్ పాస్ ప్రింటు. ఒక్కొక్కరి పేరున ఒక్కో చిట్టా, పక్కన చిన్న చదరం, సర్దినాక టిక్కు పెట్టడానికి. అత్తమ్మ చదరంలో రెండు టిక్కులున్నాయి, ఆమె మందుల సంచి ఆయనే రెండోసారి చూశాడన్నమాట. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ ఓడలోకి రానివ్వరని తెలుసుకుని ముందే తీయించాడు.

టెర్మినల్ ఉన్నది పోర్టు ప్రాంతంలో. తొంభై ఆరు కోట్ల రూపాయలతో కట్టి 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. గేటు దగ్గరే పత్రాలు చూస్తారు కాబట్టి, రెండు కార్లలో ఏ కారులో ఎవరు కూర్చోవాలో, ఆ కారులోని వాళ్ల పత్రాలన్నీ ఎవరి దగ్గర ఉండాలో కూడా నిర్ణయించాడు. ఒక కారు వెనకబడినా ఇంకో కారు గేటు దగ్గర ఇరుక్కోదు. చెకిన్ మూసే వేళకు చాలా ముందే అందరూ లోపలున్నారు.

ఓడ గురించి కాగితంలో రెండే వాక్యాలు. 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజైర్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో తయారైంది, పొడవు రెండు వందల పది మీటర్లు. రేవు దాటేటప్పుడు కుడివైపు డెక్ మీద నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరగా కనిపిస్తుంది. అక్కడితో ఆయన బాధ్యత తీరింది. చెన్నైలో దిగాక ఇంటికి రావడానికి రాత్రి బండి ఒకటి, అది కాకపోతే ఇంకొకటి, రెండు ముక్కల్లో తేల్చేశాడు. తిరుగు దారిలో దేన్నీ అందుకోవాల్సిన పనిలేదు, ఆలస్యమైతే ఆలస్యమే.

ఇప్పుడు ఆ కాగితం జిరాక్సులు నెక్కొండలో, నర్సంపేటలో కొన్ని ఇళ్లలో ఉన్నాయి. మీ ఊరు కూడా సముద్రానికి దూరమైతే, మళ్లీ విశాఖకు ఓడ వేళలు ప్రకటించినప్పుడు మీరూ ఒక పెద్ద కాగితం తీసుకోండి. మూడు గడులు గీయండి, అడుగు వరుస ముందు నింపండి. విశాఖలో రెండు రాత్రులకు తక్కువ పెట్టుకోకండి. మ్యూజియం వేళలు, లాడ్జి చెకిన్ పద్ధతి, బండ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు మరోసారి ఫోన్ చేసి కనుక్కోండి. మామ కూడా చేశాడు.